బొటనవేలికి పెట్టిన పరీక్ష

నాకు చిన్నప్పటి నుంచీ ఎలపరం ఎక్కువ. ఒకరు తాగిన గ్లాసుతో నీళ్లు తాగలేను. బస్సులో పక్కవాళ్ల చెమట చెయ్యి తగిలితే ఇంటికి వెళ్లి సబ్బుతో కడుక్కునేదాకా ఆ చోటు గుర్తొస్తూనే ఉంటుంది. అలాంటిదాన్ని ఫిజియోథెరపీలో చేరతానంటే మా అమ్మ నవ్వింది.

"పొద్దున లేస్తే పరాయివాళ్ల కాళ్లూ చేతులూ పట్టుకోవాలి కదే. నీ వల్ల అవుతుందా?" అంది.

అయింది. చికిత్సకు వచ్చిన మనిషి చెయ్యి నా చేతిలో ఉన్నంతసేపూ నాకు రోత అనిపించదు. పొక్కులున్నా, చీము కారుతున్నా, కట్టు కింద చర్మం చీకిపోయి వాసన వేస్తున్నా సరే. ఎందుకో నాకూ తెలియదు. కానీ కొత్తపేటలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో పనిచేసినప్పుడు నాకు పట్టుకున్న రోత ఒకటి ఉంది. అది సబ్బుతో పోలేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న కాలమది. పండ్ల మార్కెట్టు అప్పటికింకా అక్కడే ఉండేది. బంద్ అనగానే లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయేవి. బత్తాయిలు, బొప్పాయిలు బస్తాల్లోనే కుళ్లేవి. ఆ పులిసిన తీపి కంపు కిటికీలు మూసుకున్నా లోపలికి వచ్చేది. పేషెంట్లు ముక్కులకు కొంగులు, కర్చీఫులు అడ్డం పెట్టుకుని కూర్చునేవాళ్లు.

నర్సింగ్ హోమ్ యజమాని డాక్టరే. కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాడు. మాదీ అటువైపే. నాన్న ఉద్యోగం మీద వచ్చి మన్సూరాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాడు. నాకు ఉద్యోగం ఇచ్చేటప్పుడు డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, "మీది ఏ ఊరమ్మా?" అని. చెప్పాక మరేమీ అడగలేదు. బోర్డు మీద వాళ్ల వైపు నది పేరు ఉండేది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకటి రెండు షాపుల అద్దాలు పగిలిన తర్వాత దాన్ని పీకించి దేవుడి పేరు పెట్టించాడు. గేటు మీద ఉద్యమ జెండా కట్టించాడు. ఎల్బీనగర్ వైపు నుంచి పోలీసు వ్యాన్ల చప్పుడు వినిపిస్తే వాచ్‌మన్ ఆ జెండా తీసి లోపల మెట్ల కింద పెట్టేవాడు. వ్యాన్లు పోయాక మళ్లీ కట్టేవాడు. మొదట్లో చూసి నవ్వుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే ఒక పేషెంటు నా దగ్గరికి వచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో సేల్స్‌మన్. నలభై ఏళ్లుంటాయి. సొంతూరు పోచంపల్లి దగ్గర. మగ్గం మానేసి పట్నం వచ్చి, నేసిన చీరలు అమ్మే పనిలో కుదిరాడు. కొత్తపేటలోనే కిరాయి ఇల్లు. భార్య ఇంట్లోనే కూర్చుని, దారాలకు ముడులు కట్టి రంగులద్దే పని చేసేది.

ఒక బంద్ రోజున షాపు యజమాని షట్టరు సగం ఎత్తి ఉంచమన్నాడట. ఊరేగింపులోంచి రాళ్లు వచ్చాయి. ఈయన షోకేసులోని పట్టుచీరలు లోపలికి లాగుతుంటే పై అద్దం విరిగి జారింది. చెయ్యి అడ్డం పెట్టాడు. కుడి బొటనవేలి మొదట్లో, చూపుడువేలి మీద లోతుగా తెగింది. అందరూ నరం తెగిందనే అన్నారు కానీ తెగింది నరం కాదు. వేలిని వంచడానికి ముంజేతి కండ నుంచి వేలి కొన దాకా తాడులాంటిది ఒకటి పోతుంది, టెండన్ అంటాం. రెండు వేళ్లలోనూ అది తెగింది. పెద్ద దవాఖానలో కుట్టారు. వేళ్ల కదలిక తెప్పించే వ్యాయామాలకు రోజూ అంత దూరం పోలేక, ఇంటికి దగ్గరని మా దగ్గరికి వచ్చాడు.

"రాళ్లేసినోళ్ల మీద కోపం లేదా అన్నా?" అని ఒకసారి అడిగాను.

"కోపమేంది మేడం? నేను గూడ షాపు బంద్ చేసినంక గా ఊరేగింపులకే పోదామనుకున్న. మన రాష్ట్రం మనకు రావాలె గదా," అన్నాడు. అని, నేను ఏ వైపు మనిషినో గుర్తొచ్చినట్టుంది, "మీరు గూడ ఈడనే ఉంటరు తియ్. ఎవ్వలేడికి పోతరు?" అన్నాడు.

కండ బలాన్ని మేం చేత్తోనే కొలుస్తాం. కండలో చలనమే లేకపోతే సున్నా. వేలు కదలకపోయినా కండ ఉలిక్కిపడినట్టు మన వేళ్లకు తెలిస్తే ఒకటి. అక్కడి నుంచి ఐదు దాకా. బొటనవేలి కొన వంగుతుందో లేదో చూడాలంటే దాని కింది కణుపును కదలకుండా పట్టుకుని, కొన ఒక్కటే వంచమంటాం. పూర్తిగా వంగితే, ఆ వంచిన కొనను మన వేలితో వెనక్కి లాగుతాం, ఆయన లాగనివ్వకూడదు. ఎంత గట్టిగా నిలిపితే అంత బలం. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. కానీ కొత్తగా కుట్టిన టెండన్ విషయంలో ఆ చివరి లాగుడు కుదరదు. లోపల కుట్టు దారమే తప్ప ఇంకా ఏమీ అతుక్కుని ఉండదు. చెయ్యి పైకి బాగానే కనిపిస్తుంది, వేలు కొద్దిగా వంగుతుంది కూడా. లాగితే తెగుతుంది. అందుకే మణికట్టు వంచి, చేతి వెనక నుంచి వేళ్ల కొనల దాకా ప్లాస్టిక్ స్ప్లింట్ కట్టి ఉంచుతారు.

నాలుగో వారంలో ఆయన బొటనవేలి కొన కొంచెం వంగడం మొదలుపెట్టింది. చూసి ఆయనే ఆశ్చర్యపోయాడు.

"కదిలింది మేడం! జర గుంజి చూస్తరా, బలమొచ్చిందా?"

"ఇప్పుడు కాదన్నా. ఇంకా చాలా వారాలు ఎవ్వరూ లాగకూడదు. ఇంట్లో కూడా చెప్పండి."

"ఎవ్వలు గుంజుతరు మేడం?" అని నవ్వాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆయనకు వ్యాయామం చేయిస్తుంటే ఎక్సర్‌సైజ్ గదిలోకి ఒక్కసారిగా పదిహేను మంది దాకా దూరారు. ముందు మా డాక్టరు గారు, వెనక తెల్ల చొక్కాతో ఒక నాయకుడు. ఆయన ఎల్బీనగర్‌లో టికెట్టు కోసం తిరుగుతున్నాడని, ఫ్లెక్సీల మీద ముఖం చూసి నాకూ తెలుసు. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు. మిగతావాళ్లు బూట్లతోనే చాపల మీదికి ఎక్కేశారు. సెంటు, గుట్కా, బయటి బొప్పాయి కంపు అన్నీ కలిసి గదిలో నిండాయి.

"ఏమన్నా, ఎట్లున్నవ్? పోలీసోళ్లు మస్తు కొట్టిండ్రట గదా?" అన్నాడు నాయకుడు, భుజం మీద చెయ్యేసి.

"లే సార్, పోలీసోళ్లు గాదు. అద్దం కోసుకపోయింది. రాళ్లు పడ్డయి..."

"సమజైంది, సమజైంది," అని నాయకుడు ఫొటోగ్రాఫర్ల వైపు తిరిగాడు. "లాఠీ దెబ్బలకు చెయ్యి పోగొట్టుకున్న మన అన్న. రాసుకోండ్రి."

సేల్స్‌మన్ మళ్లీ నోరు తెరిచాడు. మా డాక్టరు గారు చిరునవ్వుతో చెయ్యి ఎత్తి ఆపేశాడు. అద్దం సంగతి డాక్టరు గారికి తెలుసు. కేసు వివరాలన్నీ మొదటి రోజే నేను చెప్పాను.

"చెయ్యి కనబడ్తలేదు సార్," అన్నాడు ఒక ఫొటోగ్రాఫర్. "గా ప్లాస్టిక్‌ది తీస్తే బాగుంటది."

"తీయకూడదండీ. లోపల కుట్టు ఇంకా అతుక్కోలేదు," అన్నాను.

"రెండు నిమిషాలమ్మా. నేనున్నాను కదా," అంటూ డాక్టరు గారు స్వయంగా వంగి స్ప్లింట్ పట్టీలు చరచరా ఊడదీశాడు. అన్ని వారాలు మూసి ఉన్న చెయ్యి. చర్మం తెల్లగా ఉబ్బి పొట్టు రేగుతోంది. వాసన వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు.

నేను ఆయన చెయ్యి కింద నా అరచెయ్యి పెట్టాను. "సార్, దయచేసి..." అన్నాను. డాక్టరు గారు నా మోచెయ్యి పట్టుకుని పక్కకు జరిపి, నాయకుడితో చెబుతున్నాడు. "మా దగ్గర చేత్తోనే బలం చూసి చెప్పేస్తాం సార్. మా ట్రీట్‌మెంట్‌తో ఎంత కోలుకున్నాడో మీరే చూడండి. బొటనవేలు వంచమనండి. మీ వేలు దాంట్లో వేసి లాగండి. ఎలా పట్టుకుంటాడో!"

"గుంజాలెనా?" నాయకుడికి సరదా పుట్టింది. తన చూపుడువేలు కొక్కెంలా వంచి ఆయన బొటనవేలికి తగిలించాడు. "గట్టిగ పట్టు అన్నా! తెలంగాణ ఇచ్చేదాంక ఇడువకు!"

అందరూ నవ్వారు. ఎవరో జై కొట్టారు.

సేల్స్‌మన్ నా వైపు చూశాడు. నేను వద్దని తల ఊపాను, గట్టిగా "వద్దు, వదిలేయండి" అని కూడా అన్నాను. కానీ ఎదురుగా అంత పెద్దమనిషి వేలు పట్టుకోమంటుంటే, పది మంది చూస్తుంటే, జీవితమంతా కౌంటరు వెనక నిలబడి ఎదుటివాళ్ల మాట కాదనని మనిషి ఏం చేస్తాడు? పట్టుకున్నాడు. నాయకుడు లాగాడు.

తడి దారం తెగినట్టు చిన్న చప్పుడు. ఆ అరుపుల్లో ఇంకెవరికీ వినపడి ఉండదు. ఆయన నోరు తెరుచుకుంది, మెడ నరాలు పొంగాయి. సరిగ్గా అప్పుడే కెమెరాలు మెరిశాయి.

నాయకుడు వేలు విడిపించుకున్నాడు. వేలి మీద ఆయన చర్మం పొట్టు అంటుకుని ఉంది. దాని వైపు చూసి ముక్కు చిట్లించి, జేబురుమాలు తీసి ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. వెనకనున్నవాడు శానిటైజర్ సీసా అందించాడు. "హిమ్మత్ ఉన్న మనిషి," అని చేతులు రుద్దుకుంటూనే బయటికి నడిచాడు. రుమాలు చెత్తబుట్టలో పడేశాడు.

గది ఖాళీ అయ్యాక ఆయన చేతిని బల్ల మీద పెట్టుకున్నాను. బొటనవేలి కింది కణుపు పట్టుకుని, "కొన వంచండి అన్నా," అన్నాను.

"వంచుతున్న మేడం."

వేలు కదల్లేదు. నా రెండో చెయ్యి ఆయన ముంజేతి మీద ఉంది. చర్మం కింద కండ ముడుచుకుంటోంది, వదులుతోంది, మళ్లీ ముడుచుకుంటోంది.

"వంచుతున్న. వంగుతున్నదా?" అన్నాడు. చూడకుండా కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

సాయంత్రం ఆయన భార్య పరుగెత్తుకుంటూ వచ్చింది. డాక్టరు గారు గది బయటికి వచ్చి, ఆమె అడగకముందే మొదలుపెట్టాడు. "ఇంట్లో ఏదో బరువు ఎత్తి ఉంటాడమ్మా. బకెట్టో, బిందెనో. మేం ఎన్నిసార్లు చెప్పినా మీవాళ్లు వినరు."

"బకెట్టు నేను ముట్టనిస్తనా సార్? అన్నం గూడ నేనే తినిపిస్తున్న."

"ఇంట్లో కాదమ్మా," అన్నాను నేను. "ఇక్కడే తెగింది, మధ్యాహ్నం. సారు స్ప్లింట్ తీశారు. ఆ నాయకుడు వేలు పట్టి లాగాడు. నా కళ్ల ముందే."

ఆమె మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. డాక్టరు గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. అరుస్తాడనుకున్నాను. గొంతు తగ్గించి, మేనమామలా మాట్లాడాడు.

"చూడు తల్లీ, మనం మనం ఒకటి. బయటి నుంచి వచ్చి ఇక్కడ బతుకుతున్నాం. రేపు రాయి పడితే నీ మీదైనా నా మీదైనా ఒకటే. ఆ లీడరు మనకు అండగా ఉంటానన్నాడు. ఒక వేలి గురించి ఇంత రాద్ధాంతమా? అయినా నువ్వే ఎక్సర్‌సైజ్ ఎక్కువ చేయించావని నేను అనలేనా? అనడం లేదు కదా!"

డాక్టరు గారి బల్ల మీద అగరొత్తి వెలుగుతోంది. దాని పొగలోంచి కుళ్లు బొప్పాయి కంపు వస్తూనే ఉంది. "మనం మనం" అన్న మాట వినగానే నాకు నిజంగా వాంతి వచ్చినంత పనైంది. బయటికి వచ్చి, ఏప్రన్ విప్పి కుర్చీ మీద వేసి, ఆ భార్యాభర్తలతో కలిసి పెద్ద దవాఖానకు ఆటో ఎక్కాను. మళ్లీ అక్కడ పనికి వెళ్లలేదు.

ఆ రాత్రి ఇంటికి వెళ్లి జరిగింది చెబితే, భోజనానికి వచ్చిన మా మామయ్య ముద్ద కలుపుతూనే అన్నాడు. "రాళ్లేసిందీ వాళ్లే, లాగిందీ వాళ్లే. వాళ్ల వేలు వాళ్లే తెంపుకున్నారు. మనకెందుకే?" నేను కంచం ముందు నుంచి లేచాను. చిన్నప్పుడు నాకు ముద్దలు కలిపి పెడుతూ నవ్వించిన మామయ్య ఆయన. ఆయన పక్కన కూర్చుని తినడం ఆ తర్వాత చాలా కాలం నా వల్ల కాలేదు.

పెద్ద దవాఖానలో మొదటి ఆపరేషన్ చేసిన డాక్టరమ్మే చూసింది. వేలు పట్టుకుని ఒక్కసారి వంచమంది. తల ఎత్తి, "ఎవరు లాగారు?" అంది. చెప్పాను. ఆమె అరచేతి నుంచి ముంజేతి దాకా వేళ్లతో తడిమి చూసింది. "వెంటనే తెచ్చారు కాబట్టి మళ్లీ కుట్టొచ్చు. ఆలస్యమైతే ఆ కొస అరచేతిలోకి, ఇంకా పైకి లాక్కుపోయేది. చూపుడువేలిది నిలిచింది, అదే నయం," అంది. రెండోసారి కోశారు.

ఆయన ఆస్పత్రిలో ఉండగానే ఒక ఉదయం నేనూ ఆయన భార్యా టిఫిన్ డబ్బాతో ఆటోలో వెళ్తున్నాం. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సులు ఆగే చోట ఆమె నా చెయ్యి గిల్లినంత గట్టిగా పట్టుకుంది.

"గది మా ఆయన మొఖం గాదా? ఆపన్నా, జర ఆపు!"

కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ. నిలువెత్తు నాయకుడు. పక్కన నోరు తెరిచి, మెడ నరాలు పొంగి, ఆయన. పోరాట యోధుడికి మా నాయకుడి పరామర్శ అని రాసి ఉంది. చూసేవాళ్లకు ఆయన నినాదం ఇస్తున్నట్టే ఉంటుంది. అది టెండన్ తెగిన క్షణమని నాకు తెలుసు. ఆ కేక గొంతు దాటనేలేదని కూడా తెలుసు.

ఆమె ఆటో దిగింది, వెనకే నేనూ. నడుముకు దోపుకున్న చిన్న సంచిలోంచి దారాలు కోసే బ్లేడు తీసి, ఫ్లెక్సీ తాళ్లు కోయడం మొదలుపెట్టింది. కింది తాళ్లు అందాయి, పైవి అందలేదు. కోచింగ్ సెంటర్లకు పోయే కుర్రాళ్లు ముగ్గురు పుస్తకాలతో పరుగెత్తుకొచ్చారు.

"ఏందక్కా? ఉద్యమం ఫ్లెక్సీ కోస్తున్నవేంది?"

"గా మొఖం ఎవ్వరిదో ఎరుకేనా? నా పెనిమిటిది. ఒర్లుతుండు. ఈయన ఏలు తెంపుతుంటే ఒర్లుతుండు. గది మీకు జై అన్నట్టు కొడ్తున్నదా?"

నడిరోడ్డు మీద, బస్సుల హారన్ల మధ్య ఆమె మొత్తం చెప్పింది. కుర్రాళ్లు విన్నారు. అందరిలో పొడుగ్గా ఉన్నవాడు పుస్తకాలు నా చేతిలో పెట్టి, పక్కన ఆపిన తోపుడు బండి ఎక్కి పైతాళ్లు విప్పాడు.

"మేము లాఠీలు తిన్నమక్కా," అన్నాడు దిగాక, ముఖం ఎర్రబడి. "గీ బద్మాష్ పనులకు గాదు మేము రోడ్డెక్కింది."

"ఏం చేద్దాం దీన్ని?" అన్నాడు ఇంకొకడు.

"పొయ్యిల పెడ్దామంటే కంపు కొడ్తది," అంది ఆమె. మున్సిపాలిటీ చెత్తకుండీలోకి తోసి, చేతులు కొంగుకు తుడుచుకుని ఆటో ఎక్కింది.

నాకు ఎల్బీనగర్ వైపు ఇంకోచోట ఉద్యోగం దొరికింది. సాయంత్రాలు వాళ్లింటికి వెళ్లి వ్యాయామాలు చేయించేదాన్ని. ఈసారి ఆయన ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. చుట్టాలు పలకరించడానికి వస్తే కుడిచేతిని ఒళ్లో దాచుకునేవాడు. నేను పట్టుకోబోయినా ముందు వెనక్కి లాక్కునేవాడు. రెండోసారి కుట్టిన చోట మచ్చ లోపలికి అతుక్కుపోయి, వేలు కొన మొండిగా ఉండేది. కొబ్బరినూనె రాసి మచ్చను రుద్దేదాన్ని.

లాగి చూడొచ్చని డాక్టరమ్మ చెప్పిన రోజు వచ్చింది. నా వేలు వంచి ఆయన బొటనవేలికి తగిలించాలి. పరీక్ష అదే, పట్టు అదే. వేలు ముందుకు చాపాను కానీ తగిలించలేకపోయాను. ఆ కొక్కెం వేలు, ఆ రుమాలు, ఆ ముక్కు చిట్లింపు అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకు వచ్చాయి. నేర్చుకున్న పని మీదే అసహ్యం పుట్టేలా చేశాడు కదా ఆ మనిషి అనిపించింది.

"గుంజు బిడ్డా," అన్నాడు ఆయనే. మేడం అనడం ఎప్పుడో మానేశాడు. "నువ్వు గుంజితే ఏం గాదు."

మెల్లగా లాగాను. కాసేపు నిలిపాడు, తర్వాత జారింది. ఐదుకు నాలుగు కూడా రాదు. కొన సగమే వంగుతోంది. ఆయన మాత్రం గోడకు ఆనుకుని ఊపిరి వదిలాడు. "నిలవడ్డది," అని భార్యతో చెప్పాడు.

చీర కుచ్చిళ్లు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగించి పట్టుకుని, ఒక్క విదిలింపుతో పరుపు మీద పరవడం ఆయనకు మళ్లీ రాలేదు. కొన్నాళ్లు ప్రయత్నించాడు, చీర జారిపోయేది. షాపువాళ్లు లోపల సరుకు విడదీసే పనిలో పెట్టారు. కొనేవాళ్లతో మాట్లాడటం లేని ఆ పని ఆయనకు నచ్చేది కాదు. పోచంపల్లి నుంచి వచ్చే చీరల్లో రంగు అంటిందీ, ముడి జారిందీ ఇట్టే పట్టేసేవాడు కాబట్టి ఉంచుకున్నారు. తర్వాత భార్యాభర్తలే ఇంట్లో చీరలు పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. చీర ఆమె విప్పుతుంది, మాటలు ఆయనవి.

రాష్ట్రం వచ్చిన రోజు కొత్తపేట అంతా టపాకాయలు. ఆయన వీధిలోకి వచ్చి అందరితో పాటు నిలబడ్డాడట, రంగులు చల్లుకున్నాడట. "మస్తు ఖుషీ అయింది బిడ్డా," అని మర్నాడు ఫోన్‌లో చెప్పాడు. ఆ సంతోషంలో ఎక్కడా ఆ నాయకుడు లేడు. నాకు మాత్రం వార్తల్లో విజయోత్సవాల మధ్య ఆ తెల్లచొక్కా కనిపిస్తుందేమోనని కళ్లు వెతికాయి. కనిపించింది. పూలదండల కింద చేతులు ఊపుతున్నాడు. టీవీ కట్టేశాను. నర్సింగ్ హోమ్ గేటు మీద జెండాను ఇక తీసి పెట్టాల్సిన పని లేదని, డాక్టరు గారు రెండో అంతస్తు కూడా లేపాడని ఎవరో చెప్పారు.

చాలా ఏళ్ల తర్వాత వాళ్లు బాటసింగారం దగ్గర చిన్న ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచారు. పంక్తిలో నన్ను ముందు కూర్చోబెట్టి పప్పుచారు తనే వడ్డిస్తానని గరిటె అందుకున్నాడు. భార్య వద్దన్నా వినలేదు. గరిటె కాడను బొటనవేలు గట్టిగా పట్టలేదు, కొంచెం ఊగింది. సగం చారు అన్నం మీద, సగం విస్తరి అంచు మీద పడింది.

"ఇంగ కొంచెం ఎయ్యనా?" అన్నాడు.

"వెయ్యండి," అన్నాను.